పసుపు పెట్టని చీరలు

తెలిసి ఇచ్చిండా, తెల్వక ఇచ్చిండా? ఆ ఒక్కటి తేలితే చాలు, తక్కినయన్ని గంగల కలవనియ్యి అనుకుంట కౌసల్య అద్దాల పెట్టె ముంగట బెంచీ మీద కూసున్నది. ఏసీ గాలి సక్కగ నెత్తి మీదికే కొడుతున్నది. ఈ మ్యూజియమోళ్ళకు ఏం రోగమో, రాతి విగ్రహాలకు చెమట పడ్తదా, పటాలకు ఉక్క పోస్తదా, మనుషులను మాత్రం గడ్డ కట్టిస్తరు. అద్దం వెనక రెండు ఎర్ర చీరలు పైనుంచి కిందికి సాపుగ వేలాడుతున్నయి. ఒకదాని నిండ చుక్కలు, అది అక్క వాసంతిది. ఒకదాని నిండ చిలుకలు, అది తనది. తనది అంటె, కట్టుకోలే, ఇంటికి తెచ్చుకోలే, అయినా తనదే. అవ్వ చేతులతోని చిటికి కట్టి, నాయిన మగ్గం మీద నేసి, తల్లిగారింట్ల ఇనుప పెట్టె అడుగున పెట్టింది తనకోసమే. ఆ పెట్టెలకెల్లి తీసి తమ్ముడు ఉపేందర్ ఈ మ్యూజియానికి ఇచ్చిండు. పక్కన తెల్ల అట్ట మీద నల్లటి అక్షరాలు: "అక్కాచెల్లెళ్ళ పెళ్ళి చీరలు. పోచంపల్లి ప్రాంతం. పట్టాభి సేకరణ." పెళ్ళి చీరలట! కౌసల్యకు నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు సగంల్నే ఆగింది. పక్క హాల్ల మైకు గరగరమంటున్నది, కుర్చీలు జరుపుతున్నరు. ఇయ్యాల ఈ చేనేత గది కొత్తగ తెరుస్తున్నరు. ఉపేందర్‌కు సన్మానం. "అక్కా, తప్పకుండ రావాలె, నువ్వు రాకుంటె నాకు మంచిగనిపియ్యదు" అని ఫోన్ల ఎన్ని తీర్ల బతిమాలిండో. వాడు గట్ల బతిమాలినందుకే ఒచ్చింది. తెలిసిన మనిషైతె పిలుస్తడా? పిలిచి ఈ చీరల ముంగట కూసోబెడ్తడా? అంత గుండె ధైర్యం వానికి ఎక్కడిది, బల్లిని సూస్తె మంచమెక్కెటోడు.

ఈ బిల్డింగు ఆమెకు కొత్తది గాదు. మ్యూజియం కాకముందు ఇది కోచింగ్ సెంటర్. దిల్‌సుఖ్‌నగర్ల గల్లీకొక కోచింగ్ ఉంటె అండ్ల పట్టాభి సార్‌ది పెద్ద పేరు. ఎక్కడో కోస్తా నుంచి ఒచ్చి, కోడి కూయకముందే పిల్లలను లేపి లెక్కలు రుద్దించిన మనిషి. కౌసల్య కొడుకు చందు ఇదే అంతస్తుల, ఏమో ఈ బెంచీ ఉన్న జాగల్నే, కూసొని చదివిండు, చదివిండు, కండ్లు పీక్కపోయినయి గని సీటు రాలే. ఇప్పుడు ఎల్బీనగర్ల బైకుల షోరూంల టై కట్టుకొని నిలవడ్తడు. మా ఇంట్ల ఈ బిల్డింగుల సీటు సంపాయించింది మా అవ్వ చీరలొక్కటే అనుకున్నది కౌసల్య. పొద్దున గిదే మాట ఇంటాయనతోని అంటె, ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "పో, పోయి సూసి రా, మీ తల్లిగారి ఆస్తి అద్దాల పెట్టిండ్రట" అని పండ్లికిలించిండు. మనిషికి ఎప్పుడేం మాట్లాడాల్నో తెల్వదు, ఎన్నడు తెలిసింది గనుక. మూసారాంబాగ్‌ల మెట్రో మెట్లెక్కేసరికి మోకాళ్ళు కలుక్కుమన్నయి, రైలెక్కి సీటు దొరికించుకునేలోపటే దిల్‌సుఖ్‌నగర్ ఒచ్చింది. గేటుకాడ ఉపేందర్ అక్కనని చెప్పంగనే ఒక పిల్ల రెండు చేతులు జోడించింది. పేరు తన్మయి, పట్టాభి సార్ మనవరాలు, బెంగళూర్ల ఏందో కళల చదువు చదివిందట. ఆ పిల్లనే అన్ని గదులు తిప్పింది. కంచు విగ్రహాలు, కొయ్య బొమ్మలు, నూనె రంగుల పటాలు, దొరల కుర్చీలు. "ఇవన్నీ తాతగారు ఒక్కరే సేకరించారు ఆంటీ. సెలవొస్తే చాలు, ఊళ్ళు పట్టుకుని తిరిగేవారు." పిల్ల మాట ముద్దుగనే ఉన్నది, గుణం గూడ మంచిదే. కానీ కౌసల్యకు ఒక్కొక్క వస్తువు కాడ ఒక్కొక్క ఇల్లు ఖాళీ అయినట్టు కనవడ్డది. ఒక ఉయ్యాల ఉన్నది, చిలుకల గొలుసులతోని. దీంట్ల ఊగిన పోరడెవడో, ఊగినోడే అమ్ముకున్నడో ఏమో. ఒక కుంకుమ బరిణె ఉన్నది, మూత తీసి పెట్టిండ్రు, లోపట కుంకుమ లేదు. అట్లని పట్టాభి సార్‌ను తిట్టబుద్ధి కాలే. ఆయన అడిగిండు, వీడు ఇచ్చిండు. పాల గిన్నె మీద మూత పెట్టనోన్ని ఇడిసిపెట్టి పిల్లిని తిడితె ఏమొస్తది.

చీరల మీది ఎరుపు సూస్తుంటె ఆ ఎండ యాదికొచ్చింది, పెద్దమ్మ సచ్చిపోయిననాటి ఎండ. పెద్దమ్మ అంటె అవ్వకు సొంత అక్క, ఒక్క ఊర్లనే అవతలి వాడల ఇచ్చిండ్రు. పీనుగను వాకిట్ల పండబెట్టి, తానం జేయించి, పసుపు రాసి, అంత అయింది గని తల్లిగారింటి బట్ట రాలే. ఆడామె పోతె తల్లిగారింటి నుంచి అన్ననో తమ్ముడో కొత్త చీర తెచ్చి తన చేతులతోని కప్పాలె, అది కప్పంది పాడె లేవదు. ఉన్నడు ఒక తమ్ముడు, ఉండి లేనోడు. మనిషిని పంపిండ్రు, మళ్ళొక మనిషిని పంపిండ్రు, వస్తున్న వస్తున్న అనుడే గని రాడాయె. మధ్యాహ్నం దాటి పొద్దు వాలింది, ఈగలు ముసురుతున్నయి, కొంగులతోని ఇసిరి ఇసిరి ఆడోళ్ళ చేతులు గుంజుతున్నయి. పెద్దమ్మ ఆడిబిడ్డ అందరు ఇనేటట్టు, "తల్లిగారోళ్ళు ఉన్నోళ్ళు గద, కొత్తగ నేయిస్తున్నరు గావచ్చు, జర టైం పడ్తది మరి" అన్నది. నేతగాండ్ల ఇంట పుట్టి, పుట్టినకాడికెల్లి దారం నడుమ బతికిన మనిషి, ఆఖరికి గజం బట్ట కోసం వాకిట్ల ఎదురుసూసుకుంట పండింది. ఇగ అవ్వనే ఇంటికి ఉరికి, మగ్గం మీదున్న గిరాకి చీరను ఎంతవరకు నేసి ఉన్నదో అంతవరకే కోసుకొచ్చి కప్పింది. ఆడది కప్పితె చెల్లదని ఎవరో గొణిగిండ్రు. అవ్వ తలెత్తి సూసింది. కౌసల్య అప్పుడు లంగా ఓణీల పిల్ల, అయినా ఆ సూపు ఇప్పటికీ కండ్ల ముందల్నే ఉన్నది.

కర్మకాండ అయిందో లేదో అవ్వ చిటికి కట్టుడు మొదలుపెట్టింది. సైకిల్ ట్యూబును సన్న సన్న పట్టీలు కోసి, పోగుల మీద గీత గీసినకాడ బిర్రుగ సుట్టి, ఎర్ర రంగుల ముంచి, ఆరినంక కట్లు విప్పితె కట్టినకాడ తెలుపు మిగులుతది. ఆ తెలుపే చుక్క, ఆ తెలుపే చిలుక. నాయిన వెంకటనర్సయ్య అడిగిండు, "ఎవలియే గివి?" అని. "పెండ్లి గిరాకి. అక్కచెల్లెండ్లట, ఒక్క పందిట్లనే పెండ్లి" అన్నది అవ్వ, ముఖమెత్తకుంట. మరేం చేస్తది? బతికున్న బిడ్డలకు సావు బట్ట నెయ్యి అంటె నాయిన మగ్గం గుంటల దిగుతడా? అవ్వను అండ్ల పాతిపెట్టి దిగుతడు. పెండ్లి చీరలనుకొని పాటలు పాడుకుంట నేసిండు మారాజు. అవ్వ ఆయనకు చెప్పిన అబద్ధాన్నే ఇయ్యాల వీళ్ళు అచ్చేసి గోడకు పెట్టిండ్రు. బతికినన్ని రోజులు అవ్వ నిజం చెప్తె ఇననోడు లేడు గని, ఆడిన ఒక్క అబద్ధం సూడు ఎంత గట్టిగ నిలిచిందో.

చీరలు మగ్గం దిగిననాడు నాయిన ఊర్ల లేడు, రంగు తేవటానికి పట్నం పోయిండు. అవ్వ తలుపు దగ్గరికేసి ఇద్దరు బిడ్డలను కూసోబెట్టింది. కౌసల్య అలవాటు కొద్ది పసుపు గిన్నె తెచ్చింది; ఇంట్లకు కొత్త బట్ట ఏదొచ్చినా కొస మీద పసుపు బొట్టు పెట్టందే ఎవరు కట్టరు. అవ్వ చేతి మీద ఒక్కటేసింది. "పెట్టకు. కట్టేదానికి పసుపు పెడ్తరు. ఇది కట్టేది గాదు బిడ్డా, కప్పేది." ఆ మాటకు వాసంతి బోరున ఏడ్చింది. అవ్వ మాత్రం కూరలకు ఉప్పెంతెయ్యాల్నో చెప్పినట్టే చెప్పింది. "మీ తమ్ముడు మంచోడే. రేపు వానికో సంసారమైతది, గప్పుడు మతి ఉంటదో ఉండదో, చెయ్యి ఆడ్తదో ఆడదో. పెట్టెల బట్ట ఉంటె వాడు తెచ్చి కప్పుడే. మా అక్క లెక్క మీరు ఎదురుసూడొద్దు." మాకే ఇయ్యరాదె, మేమే దాసుకుంటం అంటె, "నీ ఇంట్లుంటె నీ బట్ట అయితది. తల్లిగారింటికెల్లి ఒస్తెనే తల్లిగారి బట్ట" అన్నది. కౌసల్య చిన్నప్పటినుంచి నోటికి తాళం లేని పిల్ల. "అయితె గీ చిలుకలెందుకే, గప్పుడు నేను సూస్తనా ఏంది?" అన్నది. అవ్వ నవ్వింది. "నువ్వు సూడకున్నా సూసెటోళ్ళు సూస్తరు. కౌసల్యకు తల్లిగారిల్లున్నదని ఊరంత సూస్తది" అన్నది. సూస్తరు అవ్వా. టిక్కెట్లు కొనుక్కొని సూస్తరు.

మరి గప్పుడు ఉపేందర్ ఎక్కడున్నడు? గిదే, గీడనే మతి చిక్కువడ్తది. ఒకసారి తలుసుకుంటె వాడు బడికి పోయినట్టే ఉంటది, గూటిల పలక లేదు, చెప్పులు లేవు. ఇంకోసారి తలుసుకుంటె జొరమొచ్చి మగ్గం పక్కన చాప మీద పండినట్టు, నుదిటి మీద తడి గుడ్డ గూడ కనవడ్తది. జొరం గా నాడా, ఇంకొక నాడా? అవ్వ తలుపు దగ్గరికేసింది ఎవలు ఇనొద్దని గద, ఇంట్ల పోరడుంటె అవ్వకు తెల్వదా? కానీ అవ్వకు పిల్లలు ఒక లెక్క గాదు, నిద్రవోయిన పోరడు ఆమె లెక్కల మూటతోని సమానం. మగ్గం గుంటల దిగి ఆడుకునుడు వానికి అలవాటు, దారం కండెలు పోగేసి కోటలు కట్టెటోడు. గుంటల ఉంటె కనవడడు, ఇంటడు. ఇన్నా, ఆ వయసు పోరనికి ఏం అర్థమైతది? కప్పేది అంటె దుప్పటనుకుంటడు. అనుకోనియ్యి, పెద్దగైనంక అర్థమయ్యే మాటలుంటయి, ఎప్పుడో లోపట పడ్డ మాట ఎప్పుడో మొలుస్తది. గీ రెండేండ్లు రాత్రి పక్క మీద వాలంగనే వాన్ని ఒకసారి బడికి తోలుతది, ఒకసారి చాప మీద పండబెడ్తది, ఒకసారి గుంటల దించుతది. ఎక్కడా ఉండడు, అన్నికాడల ఉంటడు.

రెండేండ్ల కింద వాసంతి పోయింది, తుర్కయంజాల్‌ల. మంచిగనే పోయింది, పసుపు కుంకుమలతోని, నొప్పి లేకుంట. పండబెట్టి తానం పోసి ఎదురుసూసిండ్రు. ఉపేందర్‌ది అల్మాస్‌గూడ, ఎంత దూరం గనుక, అయినా జల్దీ రాలే. ఒచ్చిండు. చేతుల షోరూం కవర్. నిగనిగలాడే చమ్కీ చీర, కొసకు ధర స్టిక్కర్ ఇంకా అట్లనే ఉన్నది. కప్పిండు, ఏడ్చిండు, నిజంగనే ఏడ్చిండు, వాని ఏడ్పుల దొంగతనం లేదు. అందరు మొక్కి తిరుగుతుంటె కౌసల్య అక్క కాళ్ళకాడ కూసొని ఆ స్టిక్కర్‌ను గోరుతోని గీకింది, గీకింది, సగం ఊడింది, సగం జిగురు పట్టుకొని ఊడలే. అట్లనే పోయింది వాసంతి, కాళ్ళకాడ సగం స్టిక్కర్‌తోని. ఒడిసినంక వాన్ని చెట్టుకింద పక్కకు పిలిచి, "పెట్టెల చీరేమాయెరా?" అనడిగింది. వాడు ఫోన్ సూసుకుంట, "ఏ చీర అక్కా?" అన్నడు. గా "ఏ చీర" అన్న మాట తెల్వక అన్నదా, తెలిసి అన్నదా? కొన్నాళ్ళకు చందు ఫోన్ల ఫోటో సూపెట్టిండు, "అమ్మా, మామ ఫోటో పడ్డది సూడు" అని. ఉపేందర్ నవ్వుకుంట నిలవడ్డడు, పక్కన పట్టాభి సార్, వెనక చుక్కలు, చిలుకలు. కౌసల్య ఫోన్ చేస్తె, "పాత చీరలక్కా, పెట్టెల ముక్కిపోతున్నయి. సార్ సూసి పరేషాన్ అయిపోయిండు, గింత పనితనం ఎక్కడ సూడలే అన్నడు. అవ్వ పేరు నిలవడ్తది గద" అన్నడు. అవ్వ పేరు! అట్ట మీద అవ్వ పేరెక్కడున్నది, కింద ఉన్నది పట్టాభి పేరు. మ్యూజియం గేటుకాడ చీరల దుకాణం ఒకటి పెట్టిండ్రు, దాని మీదున్నది ఉపేందర్ పేరు. ఆ ఏడు రాఖీకి కౌసల్య పోలే, మోకాళ్ళన్నది. మరుసటేడు గూడ మోకాళ్ళే అన్నది.

"ఆంటీ, ఇక్కడే కూర్చున్నారా? చలేస్తోందా?" తన్మయి ఒచ్చి పక్కన కూసున్నది, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది. "తాతగారికి మొత్తం సేకరణలో ఇవే ఇష్టం. ఎందుకో తెలుసా? పాత పెళ్ళి చీర ఏది చూసినా అంచు మూల పసుపు మరక ఉంటుంది, ఎంత జాగ్రత్తగా ఉతికినా పోదు. వీటికి ఒక్క మచ్చ కూడా లేదు. ఇంత శుభ్రంగా ఎవరు దాచారో గానీ, దండం పెట్టాలండీ." కౌసల్య నీళ్ళ సీసా మూత తిప్పుకుంట కూసున్నది. చెప్పాల్నా? గది పెండ్లి చీర గాదు బిడ్డా, మా అవ్వ నన్ను సాగదోలటానికి దాసింది, పసుపు లేంది గందుకే, అని చెప్తె ఏమైతది? ఈ పిల్ల అయ్యయ్యో అంటది, కండ్లల్ల నీళ్ళు గూడ తెచ్చుకుంటది. వెంటనే ఫోన్ తీసి, ఇంకోసారి చెప్పండి ఆంటీ, రికార్డు చేస్తాను అంటది. రేపు ఆ అట్ట తీసి ఇంకా పెద్ద అట్ట పెడ్తరు. చీరలు పోయినయి, ఇగ అవ్వ మాటను గూడ అద్దంల పెడ్తరు, ఇస్కూలు పిల్లలొచ్చి చిప్సు తినుకుంట చదువుతరు. వద్దు. గా ఒక్కటి తనకాడ్నే ఉండనియ్యి. "మా అవ్వ దాసింది" అన్నది కౌసల్య, గంతే. "అవునా! మీ అమ్మగారి పేరేంటండీ?" "కౌసల్యమ్మ తల్లి" అన్నది, ఎందుకన్నదో ఆమెకే తెల్వదు. తన్మయి తికమకపడి, నవ్వి, మైకుల ఎవరో పిలుస్తుంటె లేచి పోయింది.

హాల్ల చప్పట్లు కొట్టిండ్రు. పట్టాభి సార్ గొంతు ముసలిదైనా ఇంకా పాఠం చెప్పినట్టే ఉన్నది. "మా ఉపేందర్ గారు లేకపోతే ఈ గది లేదండీ. ఇంట్లో ఉన్న అమ్మ చీరల్ని నలుగురి కోసం ఇవ్వడానికి ఎంత పెద్ద మనసుండాలి! వారికి శాలువా కప్పి సత్కరించుకుందాం." కప్పి. చప్పట్లు. తర్వాత ఉపేందర్ గొంతు, జర వణుకుకుంట, పట్నపు మాట మాట్లాడబోయి ఊరి మాటలకు జారుకుంట. "అందరికి నమస్కారం. నేను ఎక్కువ చదువుకోలే. మా అవ్వ చిటికి కట్టింది, మా నాయిన నేసిండు. మా అక్కల పెండ్లిళ్ళ కోసమని పాటలు పాడుకుంట నేసిండట, నాయిన సచ్చిపోయేదాక గదే చెప్పెటోడు. మా పెద్దక్క లేదు. మా చిన్నక్క ఇయ్యాల గీడికి ఒచ్చింది. నాకు గంతే సాలు." గొంతు బొంగురుపోయింది, ఇగ మాట్లాడలే.

కౌసల్యకు గుండెల ఏందో కట్టు విప్పినట్టయింది. నాయిన చెప్పిండు! ఔ, నాయిన పెండ్లి చీరలనే నమ్మిండు గద, గదే వీనికి చెప్పిండు, వీడు గదే నమ్మిండు. మరి తమ పెండ్లిళ్ళకు గవి కట్టలేదన్న సోయి వానికి లేదా అంటె, గప్పుడు వాని ధ్యాసంత లడ్డూల మీద ఉండె, అక్కలు ఏం కట్టిండ్రో వానికేం ఎరుక. తెల్వక ఇచ్చిండు, పిచ్చోడు. పెట్టె తెరిసి, పాత పెండ్లి చీరలు, అక్కలు ఇడిసిపోయినయి, ముక్కిపోతయి అనుకున్నడు. అవ్వదే తప్పు, వానికి గూడ చెప్పాలె గద, చెప్పకుంట తెచ్చి కప్పాలె అంటె వాడు జ్యోతిష్యుడా? రెండు రాఖీలు ఎగ్గొట్టింది. వాడు రెండేండ్లు పొద్దుగాల్నే తానం జేసి ఎదురుసూసి ఉంటడు, మోకాళ్ళంటె నమ్మి ఉంటడు. పొయ్యి మీద పాలు పెట్టి మరిసినట్టు లోపట ఒక్కటే పొంగుడు. వాడు రాంగనే చెయ్యి పట్టుకొని ఇంటికి పోదాం పా అనాలె, వానికి ఇష్టమైన సకినాలు చేసి పెట్టాలె, చీరల ముచ్చట ఇగ ఎత్తొద్దు. షోరూం చీర కప్పితె కప్పనియ్యి, జిగురు స్టిక్కర్‌తోని కప్పితె కప్పనియ్యి, తెచ్చెటోడు ఉంటె సాలదా. పెద్దమ్మకు గది గూడ లేకుండె. కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. చల్లగాలికి ఒళ్ళు గజగజ వణుకుతున్నది, ఏడ్పుకా, చలికా తెల్వదు.

ఉపేందర్ ఒచ్చిండు. వెంట్రుకలకు రంగేసుకున్నడు, మెడల పూలదండ, చేతి మీద మెరుపుల శాలువా, ముఖమంత నవ్వు. "అక్కా! ఇక్కడ కూసున్నవేందే, లోపటికి రావద్దా?" అనుకుంట దగ్గరికొచ్చి ఆమె చేతులు పట్టుకున్నడు. "అబ్బో, మంచు గడ్డ లెక్క ఉన్నయి. గజగజ వణుకుతున్నవ్. ఆగు." శాలువా మడత విప్పి, దులిపి, రెండు చేతులతోని అక్క భుజాల మీద నిండ కప్పిండు. గదుమ కింద దగ్గరికి గుంజి సదిరిండు, చిన్నప్పుడు అవ్వ వాన్ని దుప్పట్ల సుట్టినట్టు. కౌసల్యకు నవ్వొచ్చింది, ప్రేమొచ్చింది, నోటికి తాళం లేని మనిషాయె, ఆ ప్రేమల్నే నోరు జారింది. "బాగున్నదిరా. కానీ దీనికి పసుపు పెట్టలే గద?"

ఉత్త పరాచికమే. శాలువాకు పసుపెవలు పెడ్తరు, ఏ సభల పెడ్తరు? శాలువాకు పసుపేందక్కా అని వాడు నవ్వాలె. గంతే నవ్వాలె.

ఉపేందర్ చేతులు నిప్పు ముట్టినట్టు శాలువా మీదికెల్లి లేచినయి. నవ్వు ముఖం మీద అట్లనే ఉండిపోయింది, కండ్లల్లకెల్లి పోయింది. "గట్లనకే! నీకేం గాలే, నువ్వు మస్తు బతుకుతవ్, గీ సావు ముచ్చట ఇప్పుడెందుకు తీసినవ్?" అని గబగబ శాలువాను ఆమె భుజాల మీదికెల్లి గుంజబోయిండు.

సావు ముచ్చట ఎవలు తీసిండ్రు? కౌసల్య తీయలే. పసుపన్నది. పసుపు పెట్టకుంటె గది సావు బట్ట అని ఈ లోకంల ఎరుకున్నది నలుగురికే. అవ్వకు, వాసంతికి, తనకు. నాలుగోడు చాప మీద పండిన పోరడు, తడి గుడ్డ నుదిటి మీద, కండ్లు మూసుకొని, ఒక్క మాట పోకుంట ఇన్నడు. ఇగ బడికి పోయినోడు లేడు, గుంటల దిగినోడు లేడు, ఇన్నేండ్లకు వాడు ఒక్క జాగల స్థిరంగ పండిండు. అంటె పెట్టె తెరిసిననాడు తెలుసు. తుర్కయంజాల్‌ల కవర్ పట్టుకొని ఒచ్చిననాడు తెలుసు. ఏ చీర అక్కా అన్ననాడు తెలుసు. మైకుల నాయిన పాట గురించి చెప్పుకుంట గొంతు బొంగురుపోగొట్టుకున్నప్పుడు గూడ తెలుసు. ఏడ్పు మాత్రం నిజమే, గదే పాపిష్టిది, రెండు సార్ల ఏడ్పు నిజమే.

వాడు గుంజుతున్న కొసను కౌసల్య గట్టిగ పట్టుకున్నది. వాని చెయ్యి మెల్లగ ఇడిసింది.

"ఆంటీ, బాబాయ్ గారూ, ఒక్క ఫోటో, చీరల ముందు!" తన్మయి ఫోనెత్తుకొని ఉరికొచ్చింది. "ఆ శాలువా తీయకండి ఆంటీ, అలా నిండుగా కప్పుకునే ఉండండి, చాలా బాగుంది. ఇద్దరూ కొంచెం దగ్గరగా."

కౌసల్య లేచి నిలవడ్డది. మోకాళ్ళు ఎందుకో నొయ్యలే. శాలువాను మెడకాడికి సదురుకొని, వెనక అద్దంల చిలుకల దిక్కు ఒకసారి సూసి, మళ్ళ ముందుకు తిరిగింది. ఉపేందర్ కదలలే. "రా" అన్నది మెల్లగ, వానికొక్కనికే ఇనవడేటట్టు. "కప్పినోడు పక్కన నిలవడాలె గద. తల్లిగారి బట్ట ఒచ్చింది, నీ చేతులతోనే కప్పినవ్, సూసెటోళ్ళు సూసిండ్రు. ఇగ ఆనాడు నువ్వు రావల్సిన పని లేదు తమ్మీ."